గిన్నె కడిగిన మజ్జిగ

తెల్లారగానే సైన్సు టీచరు చేసే మొదటి పని మూడు లీటర్ల పాలు కాచడం. రెండో పని వాటిని పంచడం. కాచడం ఎవరైనా కాస్తారు, చదువంతా పంచడంలోనే ఉంది. అత్తగారి గ్లాసు గోరువెచ్చగా ఉండాలి, మీగడ నలుసు కూడా కనబడకుండా వడగట్టాలి. మీగడ ఆవిడకి పడదు. ఆయన గ్లాసు పొగలు కక్కుతూ ఉండాలి, పైన మీగడ తెట్టు చెక్కుచెదరకూడదు. తెట్టు చిరిగిందంటే ఆ రోజంతా ఆయన మొహం మాడిపోయి ఉంటుంది. కూతురి గ్లాసు చల్లగా ఉండాలి, అందులో చాక్లెట్ పొడి ఉండలు కట్టకూడదు. ఒక్క ఉండ నాలిక్కి తగిలినా ఆ పిల్ల గ్లాసు అక్కడ పెట్టేసి కాలేజీకి వెళ్లిపోతుంది. ఇక పిల్లి. దాని పాలు దాని గిన్నెలోనే పోయాలి, దాని మూలలోనే పెట్టాలి. ఇంకో చోట పెడితే అది పాలకేసి చూసి, టీచరుకేసి చూసి, తోకెత్తుకుని వెళ్లిపోతుంది. ఆ ఇంట్లో పిల్లి కూడా తనకేది ఇష్టమో స్పష్టంగా చెప్పగలదు.

పెరుగుకి మాత్రం ఒకటే పెద్ద గిన్నె, ఒకటే వరస. మీగడ కట్టి నున్నగా తోడుకున్న ఆ గిన్నెలో మొదటి గరిటె ఆయనది. అది ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలీదు గాని, అత్తగారి అత్తగారి కాలం నుంచీ మగమనిషికి వడ్డించకుండా ఆ ఇంట్లో పెరుగు కదిలించిన వాళ్లు లేరు. రెండో గరిటె కూతురిది, మూడోది అత్తగారిది. ఆ తర్వాత కూరలో వేయడానికో, మాంసం మెత్తబడేలా నానబెట్టడానికో రెండు గరిటెలు పోతాయి. చివరికి గిన్నె అడుగున మిగిలేది పెరుగూ కాదు, నీళ్లూ కాదు. టీచరు అందులో గ్లాసుడు నీళ్లు పోసి, గిన్నెని గిర్రున తిప్పి, అంచులు వేలితో తుడిచి, చిటికెడు ఉప్పేసి, సింకు పక్కన నిలబడే గటగటా తాగేస్తుంది. గిన్నె కడిగినట్టూ ఉంటుంది, కడుపు నిండినట్టూ ఉంటుంది.

"మా కోడలికి మజ్జిగంటే ప్రాణం. పాలిస్తామన్నా తాగదు" అని అత్తగారు వచ్చిన చుట్టాలందరికీ చెబుతారు. పాలు ఎప్పుడిస్తామన్నారో టీచరుకి ఎంత తన్నుకున్నా గుర్తురాదు. అయినా ఇరవై రెండేళ్లుగా వినీ వినీ ఆ మాట తనూ నమ్మేసింది. ఎవరింటికెళ్లినా, వాళ్లు ఏం తీసుకుంటారని అడిగే లోపలే "నాకు మజ్జిగ చాలండీ" అనేస్తుంది.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆయన స్కూటరు వీధి మలుపు తిరిగిందంటే కొట్లవాళ్లు గబగబా తక్కెళ్లు తుడుచుకుంటారు. లీటరు కొలపాత్రలో అయిదు మిల్లీలీటర్లు తక్కువుంటే చేత్తో పట్టుకునే చెప్పేస్తారు. "నా కళ్లు కప్పి చెంచాడు తరుగు పోనివ్వండి చూద్దాం, ఉద్యోగం మానేస్తా" అన్నది ఆయన ఊతపదం. ఆ జాగ్రత్త ఇంట్లోనూ తక్కువేం లేదు. ఏ డబ్బా మూతైనా సరే, ఆయన బిగించారంటే సీలు వేసినట్టే.

ఆ సీలే టీచరు కొంప ముంచింది. ఒక ఆదివారం వారం రోజుల వెన్న కరగబెడదామని ఆవిడ వెన్న డబ్బా చంకలో ఇరికించుకుని మూత లాగింది. రాలేదు. బలమంతా పెట్టి లాగితే అది టప్పున ఊడొచ్చి, చెయ్యి వెళ్లి వంటగట్టు అంచుకి కొట్టుకుంది. అలాంటి దెబ్బలు వంటింట్లో రోజుకి నాలుగు తగులుతాయి, ఎవరూ లెక్కచెయ్యరు. కానీ ఈసారి చూస్తుండగానే మణికట్టు పొంగింది.

"వెన్న ఒలికిందా?" అన్నారు అత్తగారు హాల్లోంచి.

"మూత తియ్యడానికీ ఒక పద్ధతుంటుందోయ్" అన్నారు ఆయన, వచ్చి మూతని అటూ ఇటూ తిప్పి చూస్తూ. మూతకి ఏమీ కాలేదు.

ఎముకల డాక్టరు చిన్నపిల్ల. ముప్ఫయ్యేళ్లు కూడా ఉంటాయో ఉండవో. కానీ చూపు మాత్రం హెడ్‌మాస్టరు చూపు. ఎక్స్‌రే వెలుతుర్లో పెట్టి, ఎముక మీద వెంట్రుకంత గీతని పెన్నుతో చూపించింది. తర్వాత మొహం చిట్లించింది.

"మీకు నలభై ఆరే కదండీ. ఈపాటి దెబ్బకి ఎముక చిట్లకూడదే! రోజుకి పాలెన్ని తాగుతారు?"

"మా ఇంటికి రోజుకి మూడు లీటర్లండీ" అన్నారు ఆయన గర్వంగా. "సరిగ్గా మూడు. నేనే కొలిచి పోయించుకుంటాను."

"ఇంటికి కాదండీ. ఈవిడకి."

ఆయన భార్యకేసి చూశారు. జవాబు ఆవిడ దగ్గరే ఉంటుందని ఆయన నమ్మకం.

"నేను మజ్జిగ తాగుతానండీ" అంది టీచరు.

"ఎలాంటి మజ్జిగ?"

టీచరు ఉన్నదున్నట్టు చెప్పింది. గిన్నె, గ్లాసుడు నీళ్లు, తిప్పడం, ఉప్పు. చెబుతుంటేనే తన మాటలు తనకే ఎలాగో వినిపించడం మొదలుపెట్టాయి. డాక్టరు రాస్తున్నదల్లా ఆపేసింది.

"దాన్ని మజ్జిగ అనరండీ. గిన్నె కడిగిన నీళ్లు అంటారు."

టీచరుకి చెవులు వేడెక్కాయి. సిగ్గు ఎందుకంటే, పందొమ్మిదేళ్లుగా ఎనిమిదో తరగతి పిల్లలకి 'పాలు, పాల పదార్థాలు' పాఠం చెబుతున్నది తనే. పాలల్లో కాల్షియం ఉంటుందని, ఎముకలకీ పళ్లకీ అదే ఆధారమని, పాలు తోడుకున్నా అది ఎక్కడికీ పోదని, పాలు పడని వాళ్లకి కూడా పెరుగు తేలిగ్గా అరుగుతుందని బోర్డు మీద బొమ్మలేసి మరీ చెబుతుంది. వెన్నలో, నెయ్యిలో కొవ్వే గాని కాల్షియం దాదాపు ఉండదని, అది పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న అని రెండుసార్లు గీత గీయిస్తుంది. ఆ పాఠం అంతా ఎవరి ఎముకల కోసం చెప్పినట్టో ఇన్నాళ్లూ తట్టలేదు.

డాక్టరు చేతికి కట్టు వేయించి, మాత్రలు రాసి, ఒక చార్టు చేతిలో పెట్టింది. పైన టీచరు పేరు. పొద్దున ఒక గ్లాసు పాలు. మధ్యాహ్నం కప్పు గట్టి పెరుగు. సాయంత్రం అగ్గిపెట్టెంత పనీరో, చీజో. పడుకోబోయే ముందు మళ్లీ పాలు. అన్నిటికన్నా కింద 'ఇష్టమైన పాల పదార్థం' అని రాసి ఒక ఖాళీ గీత ఉంది.

"ఇందులో మీకేదిష్టమో చెప్పండి, అది పెంచి మిగతావి తగ్గిద్దాం" అంది డాక్టరు, పెన్ను ఆ గీత మీద పెట్టి.

టీచరు నోరు తెరిచింది. ఏమీ రాలేదు. అత్తగారికేది ఇష్టమో తెలుసు, కూతురికేది ఇష్టమో తెలుసు, స్టాఫ్‌రూములో ఎవరి టీలో ఎన్ని పాలు పడాలో తెలుసు. పిల్లి సంగతి కూడా తెలుసు. తనదాకా వచ్చేసరికి పాఠం రాని పిల్లలా నిలబడిపోయింది.

"తనకేదైనా ఫర్వాలేదండీ" అని ఆయన అందుకున్నారు. "అస్సలు పేచీ లేని మనిషి." నిజం చెప్పాలంటే ఆయన దాన్ని మెచ్చుకోలుగానే అన్నారు.

డాక్టరు ఆ గీత నింపలేదు. "ఇంటికెళ్లి ఆలోచించి మీరే రాయండి. ఇష్టం లేనిది ఎవరూ ఆర్నెల్లు తినలేరు" అంది.

ఇంటికి రాగానే ఆయన చార్టుని ఫ్రిజ్ తలుపుకి పెట్టి, నిమ్మకాయ ఆకారంలో ఉన్న అయస్కాంతం అంటించారు. ఆ నిమ్మకాయ సరిగ్గా టీచరు పేరు మీద కూర్చుంది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, చార్టుని పైనుంచి కిందికి చదివారు.

"భలే రాసిందే డాక్టరు! ఇంత మంచి పద్ధతి ఒక్కరికే ఎందుకు? ఇంటిల్లిపాదీ పాటిస్తే పోలా!"

"నా మోకాళ్లు కూడా కిర్రుమంటున్నాయి నాయనా. ఎముకలంటే అందరివీ ఎముకలేగా" అన్నారు అత్తగారు.

"నాకైతే ప్రోటీన్ కావాలి నాన్నా. మా ఈత కోచ్ ఎప్పుడూ అదే అంటాడు" అంది కూతురు.

అలా టీచరు చెయ్యి విరిగినందుకు ఇంటికి వైద్యం మొదలైంది.

మూడు లీటర్ల పాలు అయిదయ్యాయి. ఆయన ఆఫీసులో పక్కన పడేసిన కొలపాత్ర ఒకటి, చిన్న త్రాసు ఒకటి తెచ్చారు. చార్టు పక్కనే ఇంకో పెద్ద కాయితం అంటించి, స్కేలుతో గళ్లు గీసి, ఎవరెవరు ఏ పూట ఎంత తీసుకున్నారో రాయడం మొదలుపెట్టారు. పాలు మిల్లీలీటర్లలో, పనీరు గ్రాముల్లో. అగ్గిపెట్టెంత అంటే ఏ అగ్గిపెట్టె, చిన్నదా పెద్దదా అని ఒక రోజంతా మథనపడి, చివరికి ముప్ఫై గ్రాములని ఖాయం చేశారు. బజార్లో కొన్న పనీరు తూకంలో తేడా వస్తోందని, ఇంట్లోనే చెయ్యమన్నారు.

"కుడి చేతికి కట్టుంది కదండీ" అంది టీచరు.

"ఎడమ చెయ్యి బాగానే ఉందిగా" అన్నారు ఆయన. ఆ మాటలో విసుగులేదు, వెటకారం లేదు. ఇన్‌స్పెక్టరు ఉన్న సరుకు చూసి చెప్పిన మాట, అంతే.

టీచరు ఎడమ చేత్తో రెండు లీటర్ల పాలు కాచి, నిమ్మరసం పిండి విరగ్గొట్టి, గుడ్డలో వడగట్టి, మూటని పళ్లతో పట్టుకుని ముడేసి, దాని మీద ఆయన తెచ్చిన ప్రభుత్వ ముద్ర ఉన్న రెండు కిలోల గుండు పెట్టింది. దిగిన నీళ్లు పారబోయకుండా, వాటిలోనూ పోషకాలుంటాయని తన పాఠంలోనే ఉంది గనక, కొన్ని సూపులో పోసి, కొన్నిటితో రొట్టెల పిండి కలిపింది. రొట్టెలు మెత్తగా వచ్చాయి. "ఈ మధ్య వంట బాగా కుదురుతోందే! ఎడమ చెయ్యి వాటం బాగున్నట్టుంది" అన్నారు అత్తగారు. కూతురు చీజ్ తురుముకుని రొట్టె మీద వేసుకుంది. సూపులో మీగడ తేలేలా వేయమని ఆయన కోరారు. మీగడ పైన వేస్తే చూపుకి బాగుంటుంది, లోపల కలిపితే రుచి బాగుంటుంది, రెండూ కావాలి అన్నది ఆయన అభిప్రాయం.

ఇంతకీ చార్టు ఎవరికోసం రాశారో వాళ్ల సంగతేమిటి? చిత్రమేమిటంటే, ఎవరూ టీచరు చేతిలోంచి గ్లాసు లాక్కోలేదు. మొదటి రోజు తన కోసం నిజంగానే ఒక గ్లాసు పోసుకుంది. అది చల్లారేలోపల కూతురి స్నేహితురాలు వచ్చింది, గ్లాసు అటు నడిచింది. రెండో రోజు అత్తగారు "ఇంకాస్త ఉంటే బాగుండు" అన్నారు. మూడో రోజు ఆయన కొలపాత్రలో ముప్ఫై మిల్లీలీటర్లు తగ్గితే తన గ్లాసులోంచి సర్దింది. నాలుగో రోజు గ్లాసే తీయలేదు. "నువ్వు తాగావా?" అని ఆయన అడిగారు ఒకసారి. అడగలేదని అనడానికి లేదు. "తాగుతాలెండి" అంది టీచరు. ఆ జవాబుతో ఆయన తృప్తిపడ్డారు. బజార్లో ఏ పాలవాడైనా కొలత అడిగితే "పోస్తాలెండి" అని ఊరుకుంటే ఈయన వదిలిపెట్టేవారా? పెరుగు గిన్నె మాత్రం పాతదానికన్నా పెద్దదైంది. అడుగున మిగిలేది ఎప్పటంతే.

బళ్లో సంగతీ అంతంతమాత్రమే. స్టాఫ్‌రూములో తొమ్మిది మంది పంతుళ్లు, ఒక్క స్టవ్వు, ఒక్క టీచరు. "పాలు పొంగకుండా చూడ్డం సైన్సు వాళ్లకే తెలుస్తుంది" అని హెడ్‌మాస్టరు పన్నెండేళ్ల కిందట ఒక జోకు వేశారు, అప్పట్నుంచీ పదిన్నర టీ ఆవిడ పనైపోయింది. కట్టుతో వెళ్లిన రోజు హెడ్‌మాస్టరు ఎంతో నొచ్చుకున్నారు. "అయ్యయ్యో, చెయ్యి విరిగిందా టీచరమ్మా! జాగ్రత్త, జాగ్రత్త" అని, ఒక నిమిషం ఆగి, "అయినా ఎడమ చేత్తో పెట్టినా మీ టీ మీ టీయే" అన్నారు. ఆ వారమే ఎనిమిదో తరగతికి పాల పాఠం వచ్చింది. టీచరు ఎడమ చేత్తో బోర్డు మీద పాల గ్లాసు బొమ్మ వేస్తే అది పూలకుండీలా వచ్చింది. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, మీరు రోజుకెన్ని గ్లాసులు తాగుతారు?"

"మనం పాఠంలో ఉన్నాం" అంది టీచరు. "పుస్తకం చూడండి."

రెండు నెలలయ్యేసరికి ఇల్లు కళకళ్లాడిపోయింది. అత్తగారు రెయిలింగు పట్టుకోకుండా డాబా ఎక్కి దిగుతున్నారు. కూతురు ఈత పోటీల్లో మూడో బహుమతి కొట్టుకొచ్చింది. ఆయన బుగ్గలు నున్నబడ్డాయి, బెల్టుకి కొత్త చిల్లు పొడిపించుకున్నారు. పిల్లి గుమ్మడికాయలా తయారై, కిటికీ ఎక్కలేక కింద కూర్చుని పిట్టల్ని పేరుపేరునా తిట్టుకుంటోంది. టీచరు ఒక్కతే కట్టు లోపల దురదపెడుతుంటే స్కేలు దూర్చి గోక్కుంటోంది.

మళ్లీ చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. ఆయన ఫ్రిజ్ మీది పెద్ద కాయితాన్ని ఊడదీసి, చుట్టచుట్టి, రబ్బరుబ్యాండు వేసి చంకలో పెట్టుకున్నారు. దారి పొడుగునా ఉత్సాహంగా ఉన్నారు. "డాక్టరుకి ఇలాంటి పేషెంటు ఫ్యామిలీ జన్మలో తగిలి ఉండదు చూడు" అన్నారు.

డాక్టరు కట్టు విప్పించి, కొత్త ఎక్స్‌రే పెట్టి చూసింది. గీత ఇంకా అక్కడే ఉంది. కాస్త మసకబారింది గాని పోలేదు.

"అతుక్కుంటోంది గాని చాలా నెమ్మదిగా ఉంది. ఈపాటికి ఇంకా గట్టిపడి ఉండాలే! మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానండీ."

"చార్టు పాటిస్తున్నారా?"

ఈ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చున్నట్టు ఆయన రబ్బరుబ్యాండు తీసి, కాయితాన్ని టేబుల్ మీద పరిచారు. నాలుగు మూలలా నాలుగు వస్తువులు పెట్టారు, చుట్టుకోకుండా. "తూచా తప్పకుండా డాక్టరుగారూ. ఒక్క పూట పోలేదు. చూడండి. మిల్లీలీటరుతో సహా ఉంది."

డాక్టరు వంగి చూసింది. ఆశ్చర్యపోయింది. "అబ్బో! ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరండీ" అంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. డాక్టరు వేలు మొదటి నిలువు గడి మీద పెట్టింది. "ఇది?"

"మా అమ్మండీ."

"ఇది?"

"నేను."

"ఇది?"

"మా అమ్మాయి. ఈతలో మూడో బహుమతి."

"అయితే ఈ నాలుగోది ఈవిడది. రోజుకి అరవై మిల్లీలీటర్లేనా? మరీ ఇంత తక్కువేంటండీ?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "కాదండీ. అది పిల్లిది."

మూలనున్న నర్సు చేతిలో కత్తెర పట్టుకుని అలాగే ఉండిపోయింది. డాక్టరు కాయితం అంచులు వెతికింది, వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"మరి పేషెంటుది?"

ఆయన కాయితంకేసి చూశారు. చాలాసేపు చూశారు. బజార్లో కొలపాత్రకి అడుగున సొట్ట కనిపించినప్పుడు కూడా అంతసేపు చూడరు.

"తను... తనే కదండీ అందరికీ ఇచ్చేది" అన్నారు చివరికి.

టీచరుకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతుదాకా వచ్చి అక్కడ ఇంకోలా మారబోయింది. ఆవిడ కిటికీకేసి తిరిగి, అక్కడున్న అస్థిపంజరం బొమ్మకి ఎన్ని ఎముకలున్నాయో లెక్కపెడుతూ కూర్చుంది. రెండొందల ఆరు. అదీ పాఠంలోదే. పిల్లికో గడి గీశారు, తనకి గీయలేదు అన్న దానికంటే, రెండు నెలల పాటు ఆ కాయితం ముందు నిలబడి పాలు కొలుస్తూ ఆ సంగతి తను కూడా గమనించలేదన్నదే ఎక్కువ బాధపెట్టింది. నాకు నేనే కనబడలేదు అనుకుంది.

డాక్టరు మళ్లీ కట్టు వేయకుండా సాగే పట్టీ వేయించింది. బరువులెత్తొద్దంది. గుమ్మం దాకా వచ్చి, "ఆ కింది గీత నింపారా?" అని అడిగింది. టీచరు తల అడ్డంగా ఊపింది.

తిరిగొస్తున్నంతసేపూ ఆయన ఏ కొట్టు తక్కెడకేసీ చూడలేదు. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు, అందులో అనుమానం లేదు. ఇంత తరుగు తన కళ్లముందే జరిగింది, అదీ తన చేత్తో గీసిన కాయితంలో. ఇంట్లోకి రాగానే చెప్పులు కూడా విప్పకుండా స్కేలూ పెన్సిలూ తీసుకుని, కాయితాన్ని మళ్లీ ఫ్రిజ్‌కి అంటించి, దాని మీద అయిదో నిలువు గడి గీశారు. చక్కగా, ఎక్కడా వంకర లేకుండా గీశారు. వెనక్కి జరిగి చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు.

"ఇదిగో, ఇది నీది. తప్పు నాదే. రేపట్నుంచి నీది కూడా నువ్వే కొలిచి, నువ్వే రాసుకో. ఒక్క పూట మిస్సవడానికి వీల్లేదు."

టీచరు ఆ గడికేసి చూసింది. తను తినాల్సింది తనే కాచి, తనే కొలిచి, తనే రాసుకుని, మళ్లీ తప్పితే తనే మాటపడాలన్నమాట. ఇన్నాళ్లూ నాలుగు పనులుండేవి, ఇప్పుడు అయిదో పని వచ్చింది.

"అలాగేలెండి" అంది.

మర్నాడు ఆదివారం. టీచరు ఎప్పట్లాగే లేచి అయిదు లీటర్ల పాలు కాచింది. కాచి, స్టవ్వు ఆపేసి, అక్కడితో ఊరుకుంది. వడగట్టలేదు, చల్లార్చలేదు, కొలవలేదు. ఒక్క గ్లాసు నిండా పోసుకుని, పైన మీగడ తెట్టు కట్టేదాకా ఆగి, తీసుకెళ్లి కిటికీ పక్కన ఆయన కూర్చునే చేతుల కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలోంచి చూస్తే వీధి ఇంత బాగా కనిపిస్తుందని ఆవిడకి ఇన్నేళ్లూ తెలీదు. కాలు మీద కాలేసుకుని పాలు నోట్లో పోసుకుంది.

ఒక గుక్క. రెండో గుక్క. మూడో గుక్కకి ఆగి, గ్లాసులోకి అనుమానంగా చూసింది. సగం తాగేసరికి సంగతి తేలిపోయింది. తనకి పాలు ఇష్టం లేదు. తియ్యగా, జిగటగా, నాలికకి గుడ్డ చుట్టినట్టుగా ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా తనకి దక్కలేదని లోలోపల ఎంతో ఇదైపోయిన పదార్థం ఇదా! టీచరుకి నవ్వాగలేదు. ఒక్కతే కూర్చుని కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. పిల్లి వచ్చి చూసి, గ్లాసు వాసన చూసి, ఒళ్లోకి ఎక్కాలని మూడుసార్లు ప్రయత్నించి నాలుగోసారి ఎక్కింది.

సరే, ప్రయోగం మొదలుపెట్టాం, పూర్తి చేద్దాం అనుకుంది. లేచి చీజ్ ముక్క కోసుకుంది. ఉప్పుప్పగా బాగానే ఉంది గాని పంటికి అంటుకుని పీకించుకుంటోంది. పనీరు నమిలింది. తన చేత్తోనే చేసింది గాని, నిజం నిజమే, పెన్సిలు రబ్బరు నమిలినట్టుంది. వేలితో వెన్న తీసి నాకింది. అది మాత్రం అద్భుతంగా ఉంది. కానీ అందులో కాల్షియం లేదు, పందొమ్మిదేళ్లుగా గీత గీయిస్తున్న పాఠమాయె. చివరికి పెరుగు గిన్నె మూత తీసింది.

పెరుగు నున్నగా ఉంది. ఇంకా ఎవరి గరిటా పడలేదు. టీచరు గరిటె పట్టుకుని ఒక్క క్షణం గుమ్మంకేసి చూసింది, దొంగతనం చేస్తున్నట్టు. తర్వాత తనని తనే కసురుకుని గరిటె దించింది. మీగడ పొర చిట్లిన చప్పుడు మెత్తగా వినిపించింది. కప్పులో వేసుకుంటే ముక్క ముక్కగానే నిలబడింది. గిన్నె పక్కన పెట్టుకుని, పిల్లిని ఒళ్లో వేసుకుని మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చుని, చెంచాతో నోట్లో పెట్టుకుంది. చల్లగా ఉంది. ముందు కమ్మగా, మింగబోయే ముందు కాస్త పుల్లగా, మధ్యలో మీగడ కరుగుతూ. టీచరు కళ్లు మూసుకుంది. పుల్లదనం దవడల దాకా పాకింది. ఇన్నేళ్లూ ఈ గిన్నెనే కడుక్కుని తాగింది గాని, ఇందులో ఇది ఉందని తెలీదు.

"ఏంటమ్మా ఇది! ఇంకా ఎవరూ ముట్టుకోలేదు!"

గుమ్మంలో అత్తగారు.

"నేను ముట్టుకున్నాను అత్తయ్యా" అంది టీచరు, కళ్లు తెరిచి. కుర్చీలోంచి లేవలేదు. కప్పు కింద పెట్టలేదు.

అత్తగారు గిన్నెలో పడిన గుంటకేసి చూశారు. ముక్కున వేలేసుకోబోయి ఆగిపోయారు. కోడలు తింటున్న తీరు చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అంత బాగుందా?"

"తిని చూడండి."

"మీగడ ఉందిగా. నాకు పడదు."

"ఎప్పుడు తిన్నారు అత్తయ్యా? తింటే ఏమైంది?"

అత్తగారు గుర్తుచేసుకునే ప్రయత్నం చేశారు. మొహంలో ఏదో వెతుకులాట కనిపించింది. "తిన్లేదు" అన్నారు నెమ్మదిగా. "నా పెళ్లయిన కొత్తలో మీ మామగారు చెప్పారు, నాకు పడదని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. టీచరు కూర్చున్న చోటి నుంచే ఇంకో చెంచా అందుకుని, మీగడ బాగా వచ్చేలా తీసి ఆవిడ చేతికిచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి పరీక్ష మందు మింగుతున్నట్టు నోట్లో పెట్టుకున్నారు. పడింది. ఏమీ కాలేదు. "ఇంకో చెంచా ఇవ్వు" అన్నారు.

ఆయన అప్పుడే లేచి వచ్చారు. తన కుర్చీలో భార్య. భార్య ఒళ్లో పిల్లి. పక్కన స్టూలు మీద తల్లి. ఇద్దరి చేతుల్లో చెంచాలు. గిన్నెలో గొయ్యి. సీలు పగలగొట్టిన సరుకు చూసినట్టు ఆయన అక్కడే ఆగిపోయారు.

"మొదటి గరిటె ఎవరు తీశారు?"

"నేనే" అంది టీచరు.

"మరి నా పాలు?"

"కాచి ఉన్నాయి. గ్లాసులు అక్కడున్నాయి. కొలపాత్ర మీదేగా."

"అమ్మాయి పాలో?"

"లేచాక కలుపుకుంటుంది. ఈతలో మూడో బహుమతి వచ్చిన పిల్లకి చాక్లెట్ పొడి కలపడం ఓ లెక్కా?"

ఆయన తల్లికేసి చూశారు, న్యాయం కోసం. తల్లి చెంచా నాకుతూ, "పుల్లగా ఉందిరా, బాగుంది" అన్నారు. ఆయనకి ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశారు. ఫ్రిజ్ దగ్గరకెళ్లి, జేబులోంచి పెన్ను తీసి, అయిదో గడి ముందు నిలబడ్డారు.

"సరే. ముందు నీది రాయాలిగా. ఎన్ని గ్రాములు?"

"కొలవలేదు."

"కొలవకుండా తినడమేంటి? ఇప్పుడిక్కడ ఏమని రాయమంటావు?"

"మీరేం రాయొద్దు. ఇలా ఇవ్వండి" అని టీచరు పిల్లిని దించి లేచింది. ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది గాని అయిదో గడి జోలికి పోలేదు. పక్కనున్న డాక్టరు చార్టు మీంచి నిమ్మకాయని పక్కకి జరిపింది. రెండు నెలల తర్వాత తన పేరు బయటపడింది. ఆ పేరుని ఒకసారి చదువుకుంది. తర్వాత వంగి, అట్టడుగున ఖాళీగా ఉన్న గీత మీద, ఇంకా పట్టు దొరకని కుడిచేత్తో, వంకరటింకర అక్షరాలతో రాసింది.

పెరుగు. మొదటి గరిటె.